కణాన్ని పట్టి ఉంచేది ఏది: ఉత్కృష్ట లోహాల నానో కణాలు, ఉత్ప్రేరకాలుగానూ కాంపోజిట్లలోనూ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కెమిస్ట్రీ పుస్తకాల్లో కొల్లాయిడ్ల పాఠం చివర స్వర్ణ సంఖ్య అని ఒక నిర్వచనం ఉంటుంది. నీళ్లలో తేలే సూక్ష్మ కణాల ద్రవాన్ని సాల్ అంటారు. 10 మిల్లీలీటర్ల ఎర్రటి బంగారు సాల్‌లో 1 మిల్లీలీటరు 10 శాతం ఉప్పు ద్రావణం పోస్తే రంగు నీలానికి తిరుగుతుంది. అలా తిరగకుండా ఆపడానికి ముందే ఎన్ని మిల్లీగ్రాముల రక్షక కొల్లాయిడ్ కలిపి ఉంచాలో, ఆ అంకే దాని స్వర్ణ సంఖ్య. జెలటిన్‌కి ఇది 0.005 నుంచి 0.01 దాకా ఉంటుంది. ఈ కొలత రిచర్డ్ జిగ్మాండీది. 1925 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. పరీక్షకు బట్టీ పట్టి మర్చిపోయే ఈ నిర్వచనంలోనే ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయమంతా ఉంది.

ఉప్పు పోసినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. సాల్‌లో ప్రతి బంగారు కణం చుట్టూ సిట్రేట్ అయాన్లు అతుక్కుని ఉంటాయి. వాటి రుణావేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ద్రావణంలో అయాన్ల గాఢత 0.001 మోలార్ ఉన్నప్పుడు ఆ నెట్టుడు సుమారు 10 నానోమీటర్ల దూరం దాకా పనిచేస్తుంది. గాఢత 0.1 మోలార్‌కి పెరిగితే అది 1 నానోమీటరుకు కుంచించుకుపోతుంది. అప్పుడు కణాలు దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి, రంగు నీలమవుతుంది, కాసేపటికి అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. అదే జెలటినో, పాలీవినైల్ ఆల్కహాలో పూత పూసి ఉంటే ఉప్పు ఏమీ చేయలేదు.

అంటే ఏ ఆసరా లేని నానో కణం బతకదు. దానికి ఒక పూత కావాలి, లేదా అతుక్కోవడానికి ఒక ఆధారం కావాలి, లేదా చుట్టూ ఒక మాతృక, అంటే పాలిమరో గాజో లాంటి పదార్థం, కావాలి. అలా కణాలు పొదిగిన పదార్థమే కాంపోజిట్. అయితే కణాన్ని కాపాడే ఆ పూతే అది చేయాల్సిన పనికి అడ్డం కూడా వస్తుంది. ఉత్ప్రేరకం తయారుచేసేవారైనా, కాంపోజిట్ తయారుచేసేవారైనా రోజూ తేల్చుకోవాల్సిన చిక్కు ఇదే. బంగారమా, పల్లాడియమా, ప్లాటినమా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఆ కణాన్ని ఏది పట్టి ఉంచుతోంది అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. నా లెక్కలో ఇంకొంచెం ఎక్కువే ముఖ్యం.

ముందు పరిమాణం లెక్క. 55 పరమాణువుల గుచ్ఛాన్ని తీసుకుంటే అందులో 42 పైపొర మీదే ఉంటాయి. 309 పరమాణువులుంటే, అంటే సుమారు రెండున్నర నానోమీటర్ల కణంలో, 162 పైన ఉంటాయి. 1415 పరమాణువులకు, సుమారు 4 నానోమీటర్లకు, పైనున్నవి 492. అదే 16 నానోమీటర్ల కణంలో పైపొర వాటా పదో వంతు కూడా ఉండదు. చర్య జరిగేది పైపొర మీదే కాబట్టి, లోపలున్న ఖరీదైన లోహమంతా ఊరికే ఉన్నట్టే. ఇంకో విధంగా చెప్పాలంటే, 4 నానోమీటర్ల బంగారు గోళాలు ఒక గ్రాముంటే వాటి ఉపరితలం సుమారు 78 చదరపు మీటర్లు. 40 నానోమీటర్లయితే 8 చదరపు మీటర్లకు లోపే.

కానీ చిన్నదైతే చాలు అనుకుంటే పొరపాటు. ఇథిలీన్ ఆక్సైడ్ తయారీలో వాడే వెండి ఉత్ప్రేరకంలో కణాలు వందల నానోమీటర్లుంటాయి. అక్కడ కావలసినది ఎంపిక, అంటే ఇథిలీన్ పూర్తిగా కాలిపోకుండా సగంలో ఆగడం. అమోనియా సంశ్లేషణలో రుథీనియం మరీ చిన్న గుచ్ఛాలుగా ఉంటే పని తగ్గిపోతుంది, ఎందుకంటే నైట్రోజన్ బంధం తెగే మెట్టు లాంటి స్థానాలు వాటి మీద ఏర్పడవు. బంగారం సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముద్ద బంగారం దేనితోనూ కలవదని అందరికీ తెలుసు. 1987లో మసతకే హరుత బృందం ఆక్సైడ్ల మీద 5 నానోమీటర్ల కంటే చిన్న బంగారు కణాలను నిలిపి, సున్నాకు 70 డిగ్రీల దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరణం చేయించింది. అక్కడా ఘనత కణానిది మాత్రమే కాదు. బంగారం, ఆక్సైడ్ కలిసే అంచులోనే ఆక్సిజన్ చురుకవుతుంది. అదే కణాన్ని సిలికా మీద పెడితే ఆ పని బాగా తగ్గిపోతుంది.

ఇక తయారీ. అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే ఎక్కువమంది పాడుచేసేదీ సిట్రేట్ పద్ధతే. 1951లో టర్కెవిచ్ వివరంగా పరిశీలించాడు, 1973లో ఫ్రెన్స్ కొలతలు స్థిరపరిచాడు. క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్ గాలిలో తేమను లాగేస్తుంది. చెమ్చాతో కొంచెం కొంచెం తూచుకోవద్దు. స్టీలు చెమ్చా అసలే వద్దు, బంగారం దాని మీదే దిగిపోతుంది. 1 గ్రాము సీసా మొత్తం ఒకేసారి కడిగి 100 మిల్లీలీటర్లు చేసుకుంటే 1 శాతం నిల్వ ద్రావణం వస్తుంది. అందులో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల బంగారం ఉంటుంది. చీకట్లో, చల్లగా, గాజు సీసాలో ఉంచుకోవాలి.

దాంట్లోంచి 0.5 మిల్లీలీటరు తీసి 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి బాగా మరిగించండి. తెర్లుతున్నప్పుడే 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 1 మిల్లీలీటరు ఒక్క పోటున పోయాలి. లేత పసుపు పోయి రంగు లేకుండా అవుతుంది, తర్వాత బూడిద నీలం, ఊదా, చివరికి ద్రాక్షసారా రంగు వస్తాయి. ఆ తర్వాత ఇంకో 10, 15 నిమిషాలు మరగనివ్వాలి. వచ్చే కణాలు సుమారు 16 నానోమీటర్లు. సిట్రేట్ సగానికి, అంటే 0.5 మిల్లీలీటరుకు తగ్గిస్తే సుమారు 41 నానోమీటర్లు, 0.3కి తగ్గిస్తే 70 దాటుతాయి, కానీ గుండ్రదనం పోతుంది, పరిమాణాలు చెదురుతాయి. సిట్రేట్ తగ్గితే కణం పెరగడానికి కారణం మొదట చెప్పుకున్నదే: పూత చాలకపోతే చిన్న కణాలు కలిసి పెద్దవవుతాయి, ఉన్న సిట్రేట్ కప్పగలిగేంత ఉపరితలం మిగిలేదాకా.

ఎక్కడ చెడుతుందంటే, ముందు గాజు దగ్గర. ముందటి ప్రయోగంలో గోడకంటుకున్న బంగారం కంటికి కనపడదు, కానీ కొత్త బంగారమంతా దాని మీదే పెరుగుతుంది. ద్రవరాజంతో కడగాలి: మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం, అప్పటికప్పుడు కలిపి, ఫ్యూమ్ హుడ్‌లో. మిగిలినదాన్ని మూత బిగించిన సీసాలో దాచకూడదు, వాయువులు పుట్టి సీసా పగులుతుంది. అయస్కాంతపు కలియబెట్టే కడ్డీల సంగతీ అంతే. టెఫ్లాన్ గీతల్లో దూరిన పల్లాడియం తర్వాతి ప్రయోగంలో తన పని తాను చేస్తుంది, మనం ఆ ఫలితాన్ని కొత్త ఉత్ప్రేరకం ఖాతాలో వేస్తాం. ముఖ్యమైన కొలతలకు కొత్త కడ్డీ వాడటమే మంచిది. రెండో చోటు, సిట్రేట్ పోసే తీరు. బొట్టు బొట్టుగా పోస్తే కేంద్రకాలు ఒకేసారి పుట్టవు. ముందు పుట్టినవి పెద్దవవుతాయి, వెనక పుట్టినవి చిన్నగా మిగులుతాయి. చూడ్డానికి రెండూ ఎర్రగానే ఉంటాయి, కాబట్టి రంగును నమ్మకుండా వర్ణపటం, అంటే ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత మింగుతోందో చూపే గీత, తీయాలి. 520 నానోమీటర్ల దగ్గర సన్నటి శిఖరం ఉండాలి. 650 వైపు తోక లేచి ఉంటే గుంపులు కట్టాయని అర్థం.

సాల్ వచ్చింది. దీన్ని ఉత్ప్రేరకంగా మార్చడం ఎలా? 16 నానోమీటర్ల కణాలు రంగుకు బాగుంటాయి కానీ ఉత్ప్రేరకానికి పెద్దవి. 3 నుంచి 5 నానోమీటర్ల కోసం బలమైన క్షయకరణి అయిన బోరోహైడ్రైడ్‌తో చేసి ఆధారం మీద నిలిపే పద్ధతిని వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రతి అడుగుకీ కారణం కనిపిస్తుంది.

లక్ష్యం 1 గ్రాము టైటానియా (టైటానియం డయాక్సైడ్ పొడి) మీద 1 శాతం బంగారం. 400 మిల్లీలీటర్ల నీళ్లలో నిల్వ ద్రావణం 2 మిల్లీలీటర్లు పోస్తే 10 మిల్లీగ్రాముల బంగారం ఉన్నట్టు. 1 శాతం పాలీవినైల్ ఆల్కహాల్ 1.2 మిల్లీలీటర్లు కలపాలి, అంటే పాలిమర్ బరువు బంగారం బరువుకు 1.2 రెట్లు. కొన్ని నిమిషాలు కలియబెట్టి, అప్పటికప్పుడు చల్లటి నీళ్లలో కరిగించిన 0.1 మోలార్ సోడియం బోరోహైడ్రైడ్ 2.5 మిల్లీలీటర్లు ఒకేసారి పోయాలి. బంగారానికి ఇది సుమారు 5 మోల్ రెట్లు. వెంటనే గోధుమ కలిసిన ఎరుపు వస్తుంది. అరగంట ఆగి టైటానియా వేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలుగా వేస్తూ పీహెచ్ 1, 2 మధ్యకు దించి, ఒక గంట కలియబెట్టాలి. తర్వాత కలియబెట్టడం ఆపి చూడండి. పొడి అడుక్కి దిగి పైన నీళ్లు తేటగా ఉంటే బంగారమంతా ఆధారం మీదికి చేరినట్టు. వడగట్టి, కడిగిన నీరు తటస్థం అయ్యేదాకా కడిగి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి.

ఆమ్లం ఎందుకు? టైటానియా ఉపరితలం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్ సుమారు 6. అంతకంటే దిగువన దాని మీద ధనావేశం ఉంటుంది. సాల్ కణాలకు రుణావేశం. అప్పుడే అవి వచ్చి అతుక్కుంటాయి. పైన నీళ్లు ఇంకా గులాబీ రంగులో ఉంటే పీహెచ్ సరిగా దిగలేదు, లేదా పాలిమర్ ఎక్కువైంది. సిలికాకు ఆ పీహెచ్ సుమారు 2, కాబట్టి ఇదే కిటుకు సిలికా మీద సరిగా పారదు. ఆమ్లాన్ని బోరోహైడ్రైడ్ కంటే ముందే పోస్తే బోరోహైడ్రైడ్ నురగగా హైడ్రోజన్ వదిలి వృథా అయిపోతుంది, బంగారం సగమే క్షయకరణం చెందుతుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి మూత బిగించకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇప్పుడు పూత సంగతి. పాలీవినైల్ ఆల్కహాల్ కణాల్ని చిన్నగా ఉంచింది, కానీ వాటి ముఖాల్ని కప్పేసింది. గాలిలో 400 డిగ్రీలకు వేడిచేస్తే అది కాలిపోతుంది, దాంతోపాటు కణాలు కూడా పెరిగిపోతాయి. అంతకంటే మెత్తని దారి ఉంది: పొడిని 90 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు కలియబెట్టి వడగట్టడం. పాలిమర్ చాలావరకు నీళ్లలోకి పోతుంది, కణాల పరిమాణం పెద్దగా మారదు. థయోల్ (గంధకం ఉన్న సేంద్రియ అణువు) పూత ఉన్న కణాలకు ఈ సౌలభ్యం లేదు. గంధకం, బంగారం బంధం గట్టిది. 1994లో బ్రస్ట్ బృందం చూపిన థయోల్ కణాలు ఎండబెట్టి పొడిగా దాచుకుని మళ్లీ కరిగించుకునేంత స్థిరంగా ఉంటాయి, కాంపోజిట్లకు అది వరం. ఉత్ప్రేరకానికి మాత్రం ఆ స్థిరత్వమే శాపం.

ముందే కణాలు చేసి నిలపడం కాకుండా, లవణాన్నే ఆధారంలోకి ఇంకించి తర్వాత క్షయకరణం చేసే పద్ధతి పరిశ్రమకు దగ్గరది. 5 గ్రాముల అల్యూమినా మీద 1 శాతం ప్లాటినం కావాలనుకోండి. 0.0505 గ్రాముల ప్లాటినం కావాలి. క్లోరోప్లాటినిక్ ఆమ్లం హెక్సాహైడ్రేట్‌లో ప్లాటినం సుమారు 37.7 శాతం కాబట్టి 0.134 గ్రాములు తూచాలి. ఎన్ని నీళ్లలో? విడిగా 1 గ్రాము అల్యూమినా తీసుకుని, కలుపుతూ నీళ్లు చుక్కలుగా వేయండి. పొడి ఉన్నట్టుండి అంటుకోవడం మొదలయ్యే క్షణం దాని రంధ్రాలు నిండిన క్షణం. గ్రాముకు 0.5 మిల్లీలీటరు పట్టిందనుకుంటే 5 గ్రాములకు 2.5 మిల్లీలీటర్లు. అంతకంటే ఎక్కువ పోస్తే మిగిలిన ద్రావణం గింజల బయట ఎండి, అక్కడే పెద్ద కణాలవుతాయి. ఆరబెట్టడంలో తొందరపడినా అదే నష్టం: ఆవిరి బయటికి వస్తూ లవణాన్ని వెంట లాక్కొస్తుంది, లోహమంతా గింజ పెంకులో పేరుకుంటుంది.

బంగారానికి ఈ పద్ధతి పనికిరాదు. క్లోరైడ్ మిగిలిపోవడమే కారణం. అది వేడిచేసేటప్పుడు బంగారు పరమాణువుల్ని కదిలించి పెద్ద ముద్దలు చేస్తుంది, పైగా చురుకు స్థానాల్ని కప్పేస్తుంది. అందుకే బంగారాన్ని నిక్షేప అవక్షేపణతో దించుతారు: ద్రావణాన్ని 70 డిగ్రీలకు వేడిచేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7, 8 మధ్య నిలబెట్టి, ఆధారం వేసి గంటసేపు ఉంచి, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్కకు తెల్లటి మబ్బు రాకుండా పోయేదాకా కడిగి, 300 డిగ్రీల దగ్గర వేడిచేస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. పీహెచ్ పెంచడానికి అమోనియా చేతికి దగ్గరగా ఉందని అది వాడొద్దు. బంగారు లవణాలు అమోనియాతో ఏర్పరిచే అవక్షేపం ఎండితే, కొంచెం రాపిడికే పేలుతుంది. వెండికి కూడా ఇలాంటి ప్రమాదమే: అమోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని దాచిపెడితే పేలే పదార్థం దిగుతుంది. వాడిన వెంటనే ఆమ్లంతో చంపి పారబోయాలి.

తయారైంది పనిచేస్తోందా లేదా తేల్చడానికి ఎక్కువమంది వాడే పరీక్ష 4-నైట్రోఫినాల్ క్షయకరణం, అంటే దాన్ని అమైనోఫినాల్‌గా మార్చడం. తేలికైన పరీక్ష కాబట్టే దీనితో తప్పుడు అంకెలు కూడా ఎక్కువగా వస్తాయి. క్యువెట్‌లో (కాంతి కొలతకు వాడే చిన్న పాత్ర) 2.57 మిల్లీలీటర్ల నీళ్లు, 0.01 మోలార్ నైట్రోఫినాల్ 0.03 మిల్లీలీటరు, తాజా 0.1 మోలార్ బోరోహైడ్రైడ్ 0.3 మిల్లీలీటరు. బోరోహైడ్రైడ్ పడగానే శిఖరం 317 నుంచి 400 నానోమీటర్లకు జరిగి ద్రావణం చిక్కటి పసుపవుతుంది. అది నైట్రోఫినోలేట్, చర్య ఇంకా మొదలు కాలేదు. శోషణ 1.8 దగ్గర ఉండాలి. తర్వాత మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కలిపిన ఉత్ప్రేరకపు అవలంబనం 0.1 మిల్లీలీటరు వేసి, 400 దగ్గర తగ్గుదలను కాలంతో గీయాలి. శోషణ సహజ సంవర్గమానం సరళరేఖ అయితే దాని వాలు రేటు స్థిరాంకం. సెకనుకు 0.005 వస్తే, ప్రతి 139 సెకన్లకు సగం తరుగుతున్నట్టు.

సరళరేఖ రావాలంటే బోరోహైడ్రైడ్ నైట్రోఫినాల్ కంటే ఎన్నో రెట్లు ఉండాలి. పైన చెప్పిన కొలతల్లో 100 రెట్లు. పొద్దున చేసిన బోరోహైడ్రైడ్‌ను సాయంత్రం వాడితే అది నీటితో చర్య జరిపి తగ్గిపోయి ఉంటుంది, రేటు పడిపోతుంది, ఉత్ప్రేరకం చచ్చిందనుకుంటాం. హైడ్రోజన్ బుడగలు కాంతి దారిలో నిలిస్తే రేఖ ఎగుడుదిగుడవుతుంది. క్యువెట్ గోడను మెల్లగా తట్టాలి. టైటానియా పొడి కాంతిని చెదరగొట్టి మొత్తం గీతనే పైకి లేపుతుంది, కాబట్టి 700 దగ్గరి విలువను ప్రతిసారీ తీసివేయాలి. 385 కంటే దిగువన టైటానియా స్వయంగా కాంతిని మింగేస్తుంది గనక, 300 దగ్గర అమైనోఫినాల్ పుట్టుకను చూడాలన్న ఆశ వదులుకోవాల్సిందే. మొదట్లో కొన్ని నిమిషాలు ఏ మార్పూ లేకుండా నిలిచిపోవడం మామూలే. కరిగి ఉన్న ఆక్సిజన్ వల్లనని కొందరు, లోహపు ముఖం సర్దుకోవడం వల్లనని కొందరు అంటారు. నైట్రోజన్ బుడగలు పోనిచ్చి మళ్లీ చేస్తే ఆ వ్యవధి తగ్గుతుందో లేదో మీకే తెలుస్తుంది. ఆ భాగాన్ని వాలు లెక్కలో కలపకూడదు. ఉత్ప్రేరకం లేకుండా ఒకసారి, లోహం లేని ఉత్త టైటానియాతో ఒకసారి చేసి చూపని అంకెను నేనైతే లెక్కలోకి తీసుకోను. రెండు ఉత్ప్రేరకాల్ని పోల్చాలంటే, రేటును లోహపు ఉపరితలంతో భాగించి పోల్చాలి. పొడి బరువుతో పోలిస్తే అర్థం లేదు.

ఆ ఉపరితలం తెలియాలంటే కణాల సైజు తెలియాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మల్లో కనీసం 200 కణాలు లెక్కించండి, అందమైన మూలనే కాకుండా నాలుగైదు చోట్ల. 20 నానోమీటర్ల కణం ఒక్కటి కనపడితే దాన్ని పక్కకు నెట్టేయకండి: దాంట్లో 2 నానోమీటర్ల కణాలు వెయ్యింటి లోహం ఉంది. ఎక్స్-రే డిఫ్రాక్షన్ దీనికి పూర్తి జవాబు కాదు. 2, 3 నానోమీటర్ల లోపు కణాల రేఖలు వెడల్పై నేపథ్యంలో కలిసిపోతాయి, పెద్దవే కనిపిస్తాయి.

ఇక ఉత్ప్రేరకం ఎలా చస్తుంది? మొదటిది వేడి. ఘనపదార్థంలో పరమాణువులు గట్టిగా కదలడం మొదలయ్యే హద్దుగా ద్రవీభవన ఉష్ణోగ్రతలో, కెల్విన్‌లలో, సగాన్ని తీసుకుంటారు. దాన్ని తమన్ ఉష్ణోగ్రత అంటారు. బంగారానికి అది సుమారు 395 డిగ్రీల సెల్సియస్, వెండికి 344, పల్లాడియానికి 641, ప్లాటినానికి 747. కార్ల పొగగొట్టంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉండి బంగారం లేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఉపరితలపు కదలిక ఇంతకంటే చాలా ముందే మొదలవుతుంది కాబట్టి ఇవి భద్రతా హద్దులు కావు, పోల్చుకోవడానికి పనికొచ్చే అంకెలు. కణాలు ఆధారం మీద జారి ఒకదానితో ఒకటి కలవవచ్చు, లేదా చిన్నవాటి నుంచి పరమాణువులు విడిపడి పెద్దవాటిని చేరవచ్చు. ఆధారంతో పట్టు బిగిస్తే రెండూ నెమ్మదిస్తాయి. మరీ బిగిస్తే ఇంకో చిక్కు: టైటానియా మీది ప్లాటినాన్ని 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో ఉంచితే టైటానియాయే పాకి లోహాన్ని కప్పుతుంది, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ అధిశోషణం పడిపోతుంది. 1978లో టాస్టర్ బృందం దీన్ని బయటపెట్టింది. కాపాడేదే కప్పేస్తుంది అన్న మాట ఇక్కడా నిజమే.

రెండోది కరిగిపోవడం. పల్లాడియంతో చేసే కలయిక చర్యల్లో (రెండు సేంద్రియ అణువుల ముక్కల్ని కలిపే చర్యలు) లోహం కణం నుంచి కరిగి, ద్రావణంలో పనిచేసి, చివర్లో మళ్లీ కార్బన్ మీదికి దిగుతుంది. మనం వడగట్టి, ద్రావణంలో లోహం లేదని సంబరపడతాం. అందుకే వడపోత చర్య సగంలో, అదే వేడిమీద జరగాలి. వడగట్టిన ద్రావణంలో చర్య ముందుకు సాగితే పని చేస్తున్నది కణం కాదు. చల్లార్చి వడగడితే పల్లాడియం వెనక్కి దిగిపోయి పరీక్ష అబద్ధం చెబుతుంది. మూడోది విషం: గంధకం, సీసం, ప్లాటినానికైతే కార్బన్ మోనాక్సైడ్ కూడా. 80 డిగ్రీల దగ్గర నడిచే ఇంధన ఘటంలో హైడ్రోజన్‌లో మిలియన్‌కు 10 వంతుల కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా ప్లాటినం పని తగ్గుతుంది. ఇక హైడ్రోజనీకరణం తర్వాత కార్బన్ మీది పల్లాడియాన్ని వడగట్టేటప్పుడు ఆ ముద్దను ఎండనివ్వకండి. హైడ్రోజన్ పట్టుకుని ఉన్న ఆ పొడి గాలి తగిలితే దానంతట అదే రాజుకుంటుంది, మెథనాల్ ఆవిరి ఉంటే మంట ఖాయం. నైట్రోజన్ కింద వడగట్టి, నీళ్లతో తడిపి ఉంచాలి.

కాంపోజిట్ల వైపు వద్దాం. ఇది కొత్త విద్య కాదు. 17వ శతాబ్దం నుంచి గాజుకూ పింగాణీకీ వేస్తున్న కాసియస్ ఊదా రంగు ఏమిటో జిగ్మాండీయే తేల్చాడు: జల టిన్ ఆక్సైడ్ మీద నిలిచిన బంగారు కణాలు. అంటే ఆక్సైడ్ ఆధారం మీద నానో బంగారం. ఈ రోజు ప్రయోగశాలలో ఉత్ప్రేరకమని పిలిచేదానికి, ఆనాటి రంగుకు నిర్మాణంలో పెద్ద తేడా లేదు.

పాలిమర్‌లో కణాల్ని పంచడానికి రెండు దారులు. ఎండిన నానో పొడిని కొని రెసిన్‌లో కలపడం మొదటిది, అది దాదాపు ఎప్పుడూ విఫలమవుతుంది. పిండిలో ఉండలు కట్టినట్టు కడుతుంది, ఎంత కలియబెట్టినా ఆ ఉండలు విడవు, ఎందుకంటే ఎండినప్పుడే కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రెండోది, పాలిమర్ లోపలే కణాల్ని పుట్టించడం. 5 గ్రాముల పాలీవినైల్ ఆల్కహాల్‌ను 100 మిల్లీలీటర్ల స్వేదన జలంలో 90 డిగ్రీల దగ్గర కరిగించి, చల్లారాక 79 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ కలిపితే పాలిమర్‌లో 1 శాతం వెండి ఉన్నట్టు. పళ్లెంలో పలచగా పోసి, చీకట్లో ఆరనిచ్చి, ఆ పొరను 110 నుంచి 160 డిగ్రీల మధ్య గంటసేపు వేడిచేస్తే పసుపు రంగు తేలుతుంది. పాలిమర్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలే క్షయకరణి, పాలిమరే పూత. శిఖరం 410, 430 నానోమీటర్ల మధ్య ఉండాలి. కుళాయి నీళ్లు వాడితే అందులోని క్లోరైడ్ వల్ల పొర తెల్లగా మసకబారుతుంది. ఆరబెట్టేటప్పుడు వెలుతురు తగిలితే పైన గోధుమ రంగు, లోపల ఏమీ లేకపోవడం చూస్తాం.

సిలికోన్ రబ్బరులో బంగారం కలపాలనుకునేవారికి ఒక మాట. థయోల్ పూత ఉన్న కణాల్ని ప్లాటినంతో గట్టిపడే సిలికోన్‌లో కలిపితే అది ఎన్ని రోజులైనా జిగురుగానే మిగలవచ్చు. ఆ రబ్బరును గట్టిపరిచేది కొద్ది పాళ్ల ప్లాటినం ఉత్ప్రేరకం. విడిగా మిగిలిన థయోల్ దాన్ని విషంలా పట్టుకుంటుంది. వేడి పెంచడం కంటే, కణాల్ని ఇథనాల్‌తో పలుమార్లు కడిగి మిగులు థయోల్‌ను పోగొట్టడం మేలు. లేదా, ముందు రబ్బరును గట్టిపడనిచ్చి, తర్వాత బంగారు లవణ ద్రావణంలో నానబెట్టండి. రబ్బరులో మిగిలిన సిలికాన్, హైడ్రోజన్ బంధాలే బంగారాన్ని క్షయకరణం చేసి లోపల కణాలుగా నిలుపుతాయి.

విద్యుత్తు పారే కాంపోజిట్ల లెక్క వేరు. అక్కడ కణాలు ఒకదానికొకటి తగలాలి. గుండ్రటి కణాలు యాదృచ్ఛికంగా చెదిరి ఉంటే ఘనపరిమాణంలో సుమారు 16 శాతం దాటినప్పుడు దారి ఏర్పడుతుంది. వెండి సాంద్రత 10.5, ఎపాక్సీది సుమారు 1.2 కాబట్టి ఆ 16 శాతం బరువులో 62 శాతం అవుతుంది. తీగల్లాంటి పొడవాటి కణాలకు 1 శాతం లోపే సరిపోవచ్చు. చాలామందికి అర్థంకాని సంగతేమిటంటే, అదే బరువు వెండి రేకుల్ని తీసేసి నానో గోళాలు పెడితే నిరోధం పెరుగుతుంది. దారిలో తగిలే చోట్లు ఎన్నో రెట్లు ఎక్కువవుతాయి, ప్రతి చోటా రెండు కణాల మధ్య ఒక సేంద్రియ పూత అడ్డం.

ఆ పూతను పోగొట్టి కణాల్ని ఒకదానిలో ఒకటి కలిసిపోనిస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఉత్ప్రేరకాన్ని చంపే ఆ కలయికే ఇక్కడ మనకు కావలసింది. విద్యుత్ పరికరాల్లో సిలికాన్ చిప్‌ను అతికించడానికి వాడే నానో వెండి ముద్ద 250 డిగ్రీల దగ్గరే కలిసి గట్టి వెండి అవుతుంది, ఆ తర్వాత అది కరగాలంటే వెండి అసలు ద్రవీభవన ఉష్ణోగ్రత 961 డిగ్రీలు కావాలి. పని దెబ్బతినేది వేడిచేసే తీరులో. త్వరగా వేడిచేస్తే ముద్ద పైన తొక్క కట్టి, లోపలి ద్రావణి ఆవిరి బయటపడలేక గుంటలు చేస్తుంది. అందుకే 100 డిగ్రీలు దాటేదాకా నెమ్మదిగా, ఆరే వ్యవధి ఇస్తూ పోవాలి. పూత కాలడానికి గాలి కావాలి, కానీ కింద ఉత్త రాగి ఉంటే అదే గాలిలో ఆక్సైడ్ పట్టి అతుకు ఊడిపోతుంది. కాబట్టి రాగి మీద ముందు వెండి పూత వేయించాలి. నికెల్ ఉంటే దాని మీద బంగారమో వెండో ఉండాలి. చిప్ పెద్దదైతే మధ్య భాగానికి గాలి చేరదు, అక్కడ పూత కాలక మిగిలిపోతుంది. అలాంటప్పుడు పైనుంచి ఒత్తిడి పెట్టి కలపడమో, తక్కువ వేడికే పోయే పూత ఉన్న ముద్దను ఎంచుకోవడమో చేయాలి.